సెలెరియాక్: పెరటి సాగు, తవ్వకం, నిల్వ

సెలెరియాక్ కొత్తిమీర కుటుంబానికి (అపియేసి) చెందిన దుంపకూర. క్యారెట్, జీలకర్ర, వాము, సోంపు, ఇంగువ మొక్క కూడా ఈ కుటుంబంలోవే. శాస్త్రీయ నామం అపియం గ్రేవియోలెన్స్. అందులో రపేసియం అనే రకం. సలాడ్లలోనూ చైనీస్ వంటల్లోనూ కాడలు తరిగి వేసే సెలెరీ, ఆకు కోసం పెంచే సన్నకాడల సెలెరీ, ఈ దుంప సెలెరీ మూడూ ఒకే జాతి మొక్కలు. తరతరాల సాగుదారులు ఒకచోట కాడ లావెక్కిన మొక్కను, మరోచోట మొదలు ఊరిన మొక్కను విత్తనానికి ఉంచుకుంటూ రావడంతో ఇవి వేర్వేరు కూరలయ్యాయి. సెలెరియాక్‌లో తినే భాగాన్ని వేరు అనడం అలవాటే గాని, అది పూర్తిగా వేరు కాదు. కాండానికీ వేరుకూ నడుమనున్న మెడ భాగం ఉబ్బి దుంపగా మారుతుంది. సగం నేలపైన, సగం నేలలో కూర్చుంటుంది.

కూరగాయల అంగట్లో ఇంత అనాకారి దుంప మరొకటి ఉండదు. బయట బురద గోధుమరంగు, గుంటలు, ముడతలు; అడుగున జడలు కట్టిన పీచువేళ్లు, వాటి సందుల్లో ఎంత కడిగినా పోని మట్టి. తొక్క మందంగా చెక్కితే మాత్రం లోపల దంతపు తెలుపులో గట్టి గుజ్జు బయటపడుతుంది. సెలెరీ ఘాటు ఉంటుంది, దాని వెనకే చిన్న తీపీ తెలుస్తుంది. ఆ వాసనకు కారణం థాలైడ్లు అనే సుగంధ పదార్థాలు. 100 గ్రాముల పచ్చి దుంపలో దాదాపు 42 కేలరీలు, 9 గ్రాముల పిండిపదార్థాలు, 300 మిల్లీగ్రాముల పొటాషియం, 40 మైక్రోగ్రాముల విటమిన్ కె ఉంటాయి. బంగాళాదుంపతో పోలిస్తే పిండి సగానికి సగం తక్కువ. అందుకే అన్నం, బంగాళాదుంప తగ్గించుకోమని వైద్యులు చెప్పినవారి వంటింట్లోకి ఈ మధ్య ఇది ఎక్కువగా చేరుతోంది.

చరిత్ర

దీని అడవి మూలం ఐరోపా, మధ్యధరా తీరం, పశ్చిమాసియాల చిత్తడి నేలల్లో, ఉప్పునీటి కయ్యల అంచున పెరిగే చేదు మొక్క. ప్రాచీన గ్రీకులకు అది కూర కంటే ముందు మందు, పూజాద్రవ్యం. హోమర్ ఒడిస్సీలో కాలిప్సో ద్వీపపు పచ్చికలో ఈ మొక్క కనిపిస్తుంది. నెమియా క్రీడల్లో గెలిచినవారి తలకు దీని ఆకులతోనే దండ అల్లేవారు. సిసిలీలోని సెలినస్ అనే గ్రీకు నగరం తన నాణేలపై ఈ ఆకునే ముద్రించుకుంది. 1753లో లినేయస్ జాతికి ఇప్పటి పేరు పెట్టాడు.

దుంప ఊరే రకం ఐరోపా తోటల్లో కుదురుకున్నది 17, 18 శతాబ్దాల్లో. ఇంగ్లండులో దీని రాక కథ కాస్త తమాషా. స్టీఫెన్ స్విట్జర్ అనే తోటల నిపుణుడు 1729 నాటి తన చిన్న పుస్తకంలో కొత్త విదేశీ కూరగాయల మధ్య దీని సాగునూ వివరించాడు, కానీ మొక్కను తాను చూడనేలేదని అందులోనే ఒప్పుకున్నాడు. అరుదైన విత్తనాలు తెప్పించే ఒక పెద్దమనిషి అలెగ్జాండ్రియా నుంచి తెచ్చిన గింజలను అతనికి ఇచ్చాడట. తోటపని పుస్తకాల్లో చూడని మొక్కల గురించి రాయడం అప్పుడే మొదలైందన్నమాట. స్విట్జర్‌లో ఆ సంగతి చెప్పే నిజాయితీ అయినా ఉంది. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఇది ఎప్పుడూ పక్కకూరగానే మిగిలింది. జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, పోలండ్, బాల్కన్ దేశాలు, టర్కీలలో మాత్రం చలికాలపు నిత్యావసరమైంది.

ఆ దేశాల్లో దీన్ని పెంచేది పెద్ద కమతాల్లోనే కాదు. జర్మనీలో ఊరి అంచున అద్దెకిచ్చే చిన్న తోట ముక్కలు లక్షల కుటుంబాలకు ఉన్నాయి. 1860ల్లో లైప్‌జిగ్‌లో మొదలైన సంఘాల నుంచి పెరిగిన ఈ వ్యవస్థకు 1983 నాటి చట్టం 400 చదరపు మీటర్ల హద్దు పెట్టింది. బ్రిటన్‌లో స్థానిక సంస్థలు అద్దెకిచ్చే అలాట్‌మెంట్ పాత లెక్కలో 250 చదరపు మీటర్లు. అక్టోబరు దాటాక ఆ మడుల్లో క్యాబేజీ, లీక్ ఉల్లితో పాటు మిగిలి కనిపించేవాటిలో సెలెరియాక్ ఒకటి.

నీటి మొక్క

పెంచడం మొదలుపెట్టినవారిలో చాలామందికి మొదటి ఏడాది వచ్చేది గుప్పెడు వేళ్ల ముడి, దాని మధ్య నిమ్మకాయంత గుండు. విత్తనం మంచిది కాదనో, నేల పనికిరాదనో అనుకుంటారు. సాధారణంగా కారణం అది కాదు. సెలెరియాక్ ఇప్పటికీ స్వభావంలో చిత్తడి నేల మొక్కే. వేళ్లు లోతుకు పోవు. పైపైనే దట్టంగా అల్లుకుంటాయి. నీళ్లు తాకుతూ ఉండే నేలలో లోతుకు వెళ్లాల్సిన అవసరం దాని పూర్వీకులకు పడలేదు. అందువల్ల పైన నాలుగంగుళాల మట్టి ఎండితే చాలు, ఎదుగుదల ఆగుతుంది. ఆగిన మొక్క చావదు, వాడినట్టు కనబడదు కూడా. ఆకులు పచ్చగానే ఉంటాయి, తోటమాలి నిశ్చింతగా ఉంటాడు, దుంప మాత్రం ఊరదు. ఆ నష్టం అక్టోబరులో తవ్వినప్పుడే తెలుస్తుంది.

రెండో అవసరం కాలం. విత్తు వేసిన నాటి నుంచి తవ్వే దాకా ఆరు నుంచి ఏడు నెలలు పడుతుంది. నాటిన తరువాతే దాదాపు నాలుగు నెలలు. ఆ కాలమంతా 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం దీనికి హాయి. కష్టమైన పంట అని పేరు పడింది గాని, నిజానికి ఇందులో నేర్పు అవసరమైన పని ఒక్క నారు పెంచడమే. తక్కినదంతా ఓపిక, తడి.

నారు

విత్తనం బాగా సన్నం. గ్రాముకు రెండు వేలకు పైగా గింజలు తూగుతాయి. బ్రిటన్, ఉత్తర జర్మనీ వాతావరణంలో ఫిబ్రవరి చివర నుంచి మార్చి లోపల, ఇంటి కిటికీ దగ్గరో గాజుపందిరిలోనో ట్రేలలో చల్లుతారు. గింజపై మట్టి కప్పకూడదు. ఇది వెలుతురు తగిలితేనే మొలిచే రకం. మన అలవాటు కొద్దీ వేలితో గుంట చేసి పూడిస్తే అక్కడే ఉండిపోతుంది. మెత్తగా జల్లించిన నారుమట్టిని ముందే బాగా తడిపి, గింజలు పైన చల్లి, అరచేత్తో నొక్కి, ట్రేపై గాజుపలకో పారదర్శక మూతో పెట్టాలి. తరువాత నీళ్లు పైనుంచి పోస్తే గింజలు ఒక మూలకు కొట్టుకుపోతాయి కాబట్టి ట్రేను నీళ్ల పళ్లెంలో ఉంచి అడుగు నుంచి తడి ఎక్కనివ్వడం మేలు. 18 నుంచి 21 డిగ్రీల వెచ్చదనంలో కూడా మొలకకు రెండు మూడు వారాలు పడుతుంది. పది రోజులకు ఏమీ కనబడలేదని ట్రే పారబోసేవారు తక్కువేమీ కాదు.

మొలకలు దారప్పోగుల్లా వస్తాయి. రెండు అసలు ఆకులు వేశాక ఒక్కోదాన్నీ కాడ పట్టుకోకుండా ఆకు అంచున పట్టుకుని చిన్న గదుల ట్రేలోకో, 7 సెంటీమీటర్ల కుండీల్లోకో మార్చాలి. గాలి ఆడకపోతే నారుకుళ్లు వస్తుంది. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఇది ద్వివార్షిక మొక్క: మొదటి ఏడాది దుంప, చలికాలం గడిచాక రెండో ఏడాది పూత. లేత నారుకు వారం పది రోజులకు మించి 10 డిగ్రీల లోపు చలి తగిలితే చలికాలం అయిపోయిందని మొక్క పొరబడుతుంది. అదే ఏడాది పూతకాడ తోసుకొస్తుంది, దుంప చెక్కలా బిరుసెక్కి తినడానికి పనికిరాదు. తొందరపడి ఏప్రిల్‌లోనే బయట నాటిన మడుల్లో ఇది జరుగుతుంటుంది. ఇలా పూతకొచ్చిన మొక్కను బాగుచేసే మార్గం లేదు. పీకేసి ఆ చోట ఇంకేదైనా వేసుకోవడమే.

నాటడం, తడులు

తెల్లమంచు భయం పోయాక, మే నడుమ నుంచి జూన్ మొదటి వారాల్లోపు నాటుతారు. అంతకు ముందు ఓ వారం పది రోజులు పగలు బయట పెట్టి, రాత్రి లోపలికి తెస్తూ నారును ఆరుబయటి గాలికి అలవాటు చేస్తారు. నేల బరువుగా, తేమ నిలుపుకునేదిగా ఉంటే మంచిది. ఇసుక నేల అయితే చివికిన పశువుల ఎరువు ఎక్కువగా కలపాలి. ఎరువును ముందటి శరదృతువులోనే, చదరపు మీటరుకు ఒక బకెట్ చొప్పున వేసి తిరగదవ్వడం ఆ దేశాల వాడుక. నేల ఉదజని సూచిక 6 నుంచి 7 మధ్య ఉండాలి. మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్లు, వరసకూ వరసకూ 40 సెంటీమీటర్ల దూరం చాలు. లోతుగా నాటడం పెద్ద తప్పు. ఆకులు పుట్టే మొవ్వు నేలమట్టంలోనే ఉండాలి. అది మట్టిలో కూరుకుపోతే దుంప నున్నగా ఊరక పక్కవేళ్లు పుట్టించి గజిబిజి అవుతుంది.

తరువాతి పనంతా నీళ్లదే. వాన లేని వారంలో చదరపు మీటరుకు 20 లీటర్లు పెట్టుకోవచ్చు. అది 20 మిల్లీమీటర్ల వానకు సమానం. రోజూ పైపైన చిలకరించడం కంటే వారానికి రెండు సార్లు బాగా నానబెట్టడం మేలు. నాటిన వెంటనే, నేల తడిగా ఉన్నప్పుడే గడ్డో కంపోస్టో ఐదు సెంటీమీటర్ల మందాన కప్పేస్తే సగం శ్రమ తప్పుతుంది. పైవేళ్లు తెగకుండా కలుపును చేత్తోనే పీకాలి. పారతో గీకితే లాభం కంటే చెరుపు ఎక్కువ. జూలై, ఆగస్టుల్లో పలచని ద్రవ ఎరువు రెండు మూడు వారాలకోసారి ఇస్తారు. సముద్రపు నాచుతో చేసినది ఎంచుకునేవారున్నారు. దానికి ఒక ఆధారం ఉంది: సోడియానికి స్పందించి బాగా పెరిగే కొద్ది కూరగాయల్లో సెలెరీ జాతి ఒకటి. ఉప్పుకయ్యల అంచున పుట్టిన మొక్క కదా. అలాగని మడిలో ఉప్పు చల్లే పాత సలహాను పాటించనక్కర్లేదు. మన పంట తీశాక ఆ మడిలో వచ్చే చిక్కుడుకు అది గిట్టదు.

కింది ఆకులు తీసేయాలా అన్నది తోటల్లో తెగని వాదం. వేసవి నడుమ నుంచి అడుగు ఆకులు తుంచి దుంప భుజాలు బయటపెట్టాలని చాలా పుస్తకాలు చెబుతాయి. దుంపలోకి చేరే చక్కెరంతా ఆకుల్లో తయారయ్యేదే కాబట్టి పచ్చటి ఆకును తుంచడంలో అర్థం లేదు. పండిపోయి నేలకు వాలినవి, పురుగు పట్టినవి, నత్తలకు గూడుగా మారినవి తీసేస్తే సరిపోతుంది. దుంప భుజాలపై పక్క మొలకలు వస్తే వాటిని మాత్రం చిన్నప్పుడే గిల్లేయాలి.

రకాల్లో ప్రిన్జ్, మోనార్క్, బ్రిలియంట్ పెరటి తోటల్లో బాగా ప్రచారంలో ఉన్నవి. జెయింట్ ప్రాగ్ చాలా పాత రకం, ఇప్పటికీ విత్తనం దొరుకుతుంది. నున్నని దుంప, తొక్క తీయడంలో వృథా తక్కువ కావాలంటే మొదటి మూడింటిలో ఒకటి ఎంచుకోవడం మంచిది.

చీడపీడలు

పెద్ద బెడద ఆకుతొలుచు ఈగ. దీని పిల్లపురుగులు ఆకు పొరల మధ్య తినుకుంటూ పోవడంతో గోధుమరంగు బొబ్బలు వస్తాయి. బొబ్బ ఉన్నచోట వేళ్లతో నలిపేయడమే పెరటి వైద్యం. క్యారెట్ ఈగ దుంపను తొలుస్తుంది. రెండింటికీ నాటిన రోజు నుంచే సన్నకన్ను వల కప్పడం మందుల కంటే నమ్మకమైన దారి. సెప్టోరియా అనే శిలీంధ్రం ఆకుమచ్చ తెగులు తెస్తుంది. మచ్చల్లో సూదిమొన లాంటి నల్ల చుక్కలు కనిపిస్తే అదే. ఇది విత్తనం ద్వారా, వానచినుకుల ద్వారా వ్యాపిస్తుంది కనుక తెగులు సోకిన మొక్క నుంచి గింజ దాచుకోకూడదు, తడి ఆకుల మధ్య తిరగకూడదు. క్యారెట్, పార్స్లీ, సెలెరీ వేసిన మడిలో మూడేళ్ల దాకా దీన్ని వేయకపోవడం మేలు.

పురుగూ తెగులూ కాని మరో చిక్కు బోరాన్ లోపం. దుంప కోస్తే మధ్యలో గోధుమ మచ్చలు, బోలు కనిపిస్తాయి. సున్నం ఎక్కువ వేసిన నేలల్లో ఇది వస్తుంది. మట్టి ఎండినా వస్తుంది, ఎందుకంటే నేలలో బోరాన్ ఉన్నా నీళ్లు లేకపోతే వేరుకు అందదు. బోరాక్స్ కొనేముందు తడులు సరిగా అందాయో లేదో చూసుకోవాలి. చిటికెడు ఎక్కువైతే బోరాన్ విషమే.

తవ్వడం, దాచడం

దీనికి పక్వానికి వచ్చిన గుర్తంటూ లేదు. 7 సెంటీమీటర్లు దాటినప్పటి నుంచి ఎప్పుడైనా తవ్వుకోవచ్చు. కానీ దుంప ఎక్కువగా ఊరేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే, ఎండ తగ్గి వానలు పడుతున్నప్పుడు. ఆగస్టులో చూసి నిరాశపడి పీకేయడం తొందరపాటు. అక్టోబరు నుంచి మార్చి దాకా కావలసినప్పుడు కావలసినంత తవ్వుకునే వీలుండటం వల్లే పెరటివారు ఈ పంటకు విలువ ఇస్తారు. ఫోర్కు పారను కాస్త దూరంగా దించి పైకి లేపాలి, అడుగు వేళ్లను అక్కడే కత్తితో కోసి మట్టిని మడిలోనే దులపాలి. ఆకులను మెలితిప్పి తీసేయాలి. మొవ్వు దగ్గరి లేత ఆకులు నాలుగు ఉంచితే దుంప తాజాగా ఉంటుంది. తీసిన ఆకులు పచ్చివి తినలేనంత ఘాటు గాని, చారుకు, సూప్ మరిగించడానికి బాగుంటాయి.

తేలికపాటి తెల్లమంచును ఇది ఓర్చుకుంటుంది. నేల గడ్డకట్టేంత చలి మాత్రం దుంప భుజాలను మెత్తబరిచి కుళ్లిస్తుంది. బ్రిటన్ దక్షిణాన 15 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి కప్పి మడిలోనే ఉంచేస్తారు. పోలండ్, తూర్పు జర్మనీలలో అది కుదరదు. నవంబరులోపు అన్నీ తవ్వి, కడగకుండా, దెబ్బ తగిలినవి ఏరి పక్కన పెట్టి, మిగతావి తడి ఇసుక పెట్టెల్లో ఒకదానికొకటి తాకకుండా పేర్చి నేలమాళిగలో దాస్తారు. ఉష్ణోగ్రత సున్నాకు కొంచెం పైన, గాలిలో తేమ 95 శాతానికి పైన ఉంటే ఆరు నెలల దాకా చెక్కుచెదరదు. ఇంట్లో అయితే పాలిథిన్ సంచిలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో రెండు మూడు వారాలు ఉంచుకోవచ్చు.

గింజ కావాలంటే ఒకటి రెండు మంచి దుంపలను దాచి వసంతంలో తిరిగి నాటాలి. గొడుగు ఆకారపు తెల్లని పూగుత్తులు వచ్చి వేసవి చివర గింజ కడతాయి. దగ్గర్లో కాడ సెలెరీ గానీ ఆకు సెలెరీ గానీ పూతలో ఉంటే పరపరాగ సంపర్కం జరిగి రకం చెడుతుంది.

వంటలో

కోసిన ముక్క గాలి తగలగానే నల్లబడుతుంది. నిమ్మరసం పిండిన నీళ్లలో వేసుకోవాలి. తొక్క గీకితే సరిపోదు, కత్తితో చెక్కాలి. బరువులో నాలుగో వంతు పోవడం మామూలే. ఫ్రాన్సులో పచ్చిదాన్నే సన్నని పోగుల్లా తురిమి, ఆవాల ముద్ద కలిపిన మయొనైజ్‌తో రెములాడ్ చేస్తారు. జర్మన్ అంగళ్లలో ఒక ముక్క సెలెరియాక్, క్యారెట్, లీక్ కలిపి కట్టగట్టి సూప్ కోసం అమ్ముతారు. అక్కడే బిళ్లలుగా కోసి రొట్టెపొడిలో అద్ది వేయించి మాంసాహారానికి బదులు వడ్డిస్తారు. టర్కీలో ఆలివ్ నూనె, నారింజ రసంతో ఉడికించి చల్లార్చి తింటారు. ఈ దుంపకు నాకు తెలిసిన వంటల్లో ఇదే అన్నిటికంటే మేలైన మర్యాద. జర్మనీలోనో బ్రిటన్‌లోనో ఉంటున్న తెలుగువారు వేపుడు, కుర్మా ప్రయత్నించవచ్చు. చింతపండు పులుసులో మాత్రం దీని వాసన సరిగా కలవదు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. సెలెరీ జాతి అంతా కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది. మధ్య ఐరోపాలో బిర్చ్ చెట్ల పుప్పొడి పడనివారిలో ఇది ఎక్కువ. ఐరోపా సమాఖ్యలో ఆహార ప్యాకెట్లపై తప్పక ప్రకటించాల్సిన 14 అలర్జీ కారకాల్లో సెలెరీ ఒకటి. ఆకుల రసం చర్మంపై పడి ఎండ తగిలితే బొబ్బలెక్కవచ్చు. దానికి కారణం ఫ్యూరనోకౌమారిన్లు. ఎండలో ఆకులు తీసేటప్పుడు చేతులు కప్పుకోవాలి.

భారతదేశంలో

సెలెరీ గింజకు భారతదేశం ప్రపంచంలోనే ప్రధాన ఉత్పత్తిదారు. అది ఎక్కువగా పంజాబులో, ముఖ్యంగా అమృత్‌సర్ ప్రాంతంలో పండుతుంది. స్పైసెస్ బోర్డు సుగంధ ద్రవ్యాల జాబితాలో దీనికి చోటుంది. ఆ సాగు గింజ కోసం, దుంప కోసం కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మైదానాల్లో చల్లని రోజులు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. సెప్టెంబరు వేడిలో నారు మొలవడం కష్టం, మార్చి ఎండ వచ్చేసరికి దుంప సగమే ఊరుతుంది. ఆన్‌లైన్‌లో గింజలు కొని మిద్దెతోట కుండీల్లో వేసేవారికి దక్కేది ఎక్కువగా ఆకులే. ఆకుల కోసమైతే ఏడు నెలల పంటతో పని లేదు. ఆకు సెలెరీ విత్తనం అక్టోబరులో చల్లుకుంటే జనవరి నుంచి కోసుకోవచ్చు.